ఆకలి పుట్టించే గ్లాసు

తొంభై మూడో సీసాకి చీటీ అంటించి, కాంపౌండరు ఎడమకాలి మీది బరువు కుడికాలి మీదకి మార్చుకున్నాడు. రెండూ ఒకేలా పీకుతున్నాయి కాబట్టి లాభమేమీ లేదు. కిటికీ అవతల రోగుల వరస తరగలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా అది తరగడం అతను చూసి ఎరగడు.

మనిషి సన్నం. వేళ్లు మాత్రం పొడుగ్గా, కొసల్లో మందుల మరకలతో పచ్చబడి ఉంటాయి. చుక్క చుక్కా లెక్కపెట్టి పోస్తాడని రోగులు చాటున ‘చుక్కలాయన’ అంటారు. అతనికి రెండే నియమాలు: పోసేముందు చీటీ చదవాలి, కలిపింది రుచి చూడకూడదు. వాటినే అంటిపెట్టుకుని ఉండిపోయాడు. పెళ్లికి తీరిక దొరకలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా అయినా మార్చకుండా వంటింటి గట్టు దగ్గర నిలబడ్డాడు. ఇక్కడా కలపడమే. తల్లి పోయాక అతన్ని సాకిన అక్క, మూడు నెలల కింద జబ్బుపడి లేచాక కంచం ముట్టడం మానేసింది. హోటల్లో కాక్‌టెయిల్స్ కలిపే పాత రోగి ఒకడు ఉపాయం చెప్పాడు. భోజనానికి ముందు అపెరిటిఫ్ అనే ఎర్రటి చేదు మద్యం ఓ గుక్క పడితే చచ్చిన ఆకలి లేచి కూర్చుంటుందట. కొంచెమైతే ఫరవాలేదని డాక్టరూ అన్నాడు. చుక్క ముట్టని కాంపౌండరు అదీ, మూలికల లిక్కరూ, అక్క చేదు తట్టుకోలేకపోతే కలపడానికి దానిమ్మ పాకమూ తెచ్చాడు. అలవాటు కొద్దీ అన్నిటినీ ఒకే రకం గోధుమరంగు సీసాల్లోకి వంచి చీటీలు అంటించాడు.

ఎర్రది రెండు పాళ్లు, మూలికలది ఒక పాలు, మంచుముక్కలు, సోడా, పైన నిమ్మతొక్క. పొడుగు చెంచాతో తిప్పి తీసుకెళ్లాడు.

అక్క ఓ గుక్క మింగి ముఖం ముడుచుకుంది. “అబ్బ, చేదు విషంరా! ఇక ఆకలేస్తుంది, పెట్టు.”

నాలుగు ముద్దలు తింది. ఆ నాలుగు ముద్దల కోసమే అతను రోజంతా నిలబడగలుగుతున్నాడు.

కంచం తీసి వంటింట్లోకి వెళితే వేళ్లు జిగటగా తగిలాయి. ఒళ్లు హూనమై ఉంది. కడుక్కోవడానికి బద్ధకించి నాక్కున్నాడు. తియ్యగా ఉంది. సీసా తిప్పి చూస్తే దానిమ్మ పాకం.

“అక్కా, ఇవాళ చీటీ చదవకుండా ఎర్రదాని బదులు పాకం పోసేశాను.”

అక్క దొంగతనం బయటపడిన పిల్లలా నవ్వింది. “జబ్బుతోనే నాలుక చచ్చిందిరా. చేదో తీపో నాకేం తెలుసు? నువ్వు గుమ్మంలో నిలబడి అలా చూస్తుంటే చేదు అనక ఏమంటాను?”

“మరి ఆకలి?”

“అదీ లేదు.”

అతనికి కోపం వచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. చిన్నప్పుడు బతిమాలి తినిపించింది. ఇప్పుడు తాను తిని ఊరుకోబెడుతోంది.

“రేపట్నుంచి మానేద్దాంలే.”

“ఎందుకు? ఆ కాసేపూ నా దగ్గర ఉంటావుగా. వెళ్లి సరిగ్గా కలుపు. ఈసారి నీక్కూడా. తాగి ఎలా ఉందో నాకు చెప్పు.”

ఒక్కో చీటీ రెండేసిసార్లు చదివి రెండు గ్లాసులు కలిపాడు. తనది అక్కడే ఓ గుక్క తాగాడు. నిజంగా విషమే. ఆ రుచి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ వచ్చాడు. కిటికీలో ఇంకా ఎండ ఉంది. అక్క తల కుర్చీకి ఆనుకుని పక్కకి ఒరిగింది. గ్లాసులు పక్కనున్న స్టూలు మీద పెట్టి పిలిచాడు. మణికట్టు పట్టుకుని చూశాడు. నాడి అందలేదు.

“చాలా చేదుగా ఉందక్కా,” అన్నాడు ఆమె పక్కన కూలబడి.

స్టూలు మీద ఆమె గ్లాసు నిండుగా ఉంది. సోడా బుడగలు ఒకటొకటిగా పైకి వస్తూనే ఉన్నాయి.