కుట్టని పుస్తకం

బొమ్మకార్డుల ఆటలో నన్ను ఓడించిన మనిషి ఈ భూమ్మీద లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. ఆ ఆట నియమాలు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పగలను. కనుక ఈ కథ చెప్పే అర్హత నాకు తప్ప ఇంకొకరికి లేదు. కథ మాత్రం నాది కాదు, మా బైండరుది.

బైండరు పుస్తకాలకు అట్టలు కట్టే మనిషి. ఇంటి ముందుగదిలోనే పని. జిగురు గిన్నె, దబ్బనం, మైనం పూసిన దారం, కాగితాల అంచులు సమంగా కోసే పెద్ద కత్తి. ఆ కత్తి ఎంత పదునైనదంటే, దాని మీద ఒక ఈగ వాలితే రెండు ఈగలై లేచేవి. పీచు లేచిన కాగితం అంచు కనబడితే అతని చెయ్యి ఊరుకోదు. ఆ చెయ్యే కొంప ముంచింది.

అతని కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆమెకు ఈ కార్డుల పిచ్చి. జీవితంలో మొట్టమొదట కొన్న ప్యాకెట్టు చింపినప్పుడు అందులో ‘ఏటి తాబేలు’ అనే కార్డు వచ్చిందట. అప్పటినుంచీ ఏ ఆట ఆడినా తాబేలు లేనిదే కూర్చునేది కాదు. ఆడగా ఆడగా దాని అంచులు నలిగి, మూలలు చీపురుపుల్లల్లా విడిపోయాయి. ఒకరోజు ఆమె డ్యూటీలో ఉండగా బైండరు కంట అది పడింది. పాపం, ముచ్చటపడ్డాడు. నాలుగు అంచులూ నూలుపోగంత కోశాడు. వీపుకు పలచటి కాగితం అతికించాడు. బరువు కింద ఆరబెట్టి, సాయంత్రం కోడలు గుమ్మంలోకి రాగానే పసిపాపను అందించినట్టు అందించాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “బాగా చేశారు మావయ్యా,” అని లోపలికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా తేలిపోయేది. ఆ ‘బాగా చేశారు’ మాత్రం బైండరు గొంతులో చేపముల్లులా కూర్చుంది.

అసలు సంగతి రాత్రి అన్నాల దగ్గర కొడుకు చెప్పాడు.

“నాన్నా, అది ఇక ఆటకి పనికిరాదు. వెనకనుంచి చూసినా, వేలితో తడిమినా, ఏది ఏ కార్డో ఎవరికీ తెలియకూడదు. నువ్వేమో దాన్ని పొట్టిగా, మందంగా చేసి పెట్టావు.”

“పైన ప్లాస్టిక్ తొడుగు వేస్తారు కదరా?”

“వేసినా నీ అతుకు చేతికి తెలుస్తుంది.”

“నా అతుకంటే అతుకే మరి,” అన్నాడు బైండరు, అలవాటుకొద్దీ. అన్నాక తన మాట తనకే చేదుగా తగిలి, కంచం ముందునుంచి లేచిపోయాడు.

అలాంటి తాబేలే ఇంకొకటి కార్డుల షాపులో ఉంది, అద్దాల బీరువాలో. అమ్మరు. ఆదివారం జరిగే పోటీలో గెలిచినవాళ్లకి ఇస్తారు. ఆ మాట చెవిన పడ్డాక బైండరు వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

“అమ్మాయీ, ఆ ఆట నాకు నేర్పు.”

“ఇప్పుడెందుకు మావయ్యా?”

“నేను చెడగొట్టింది ఏమిటో నాకు తెలియొద్దూ.”

కోడలు చేతులు తుడుచుకుని, బల్ల మీద గిన్నెలు పక్కకి జరిపి, కార్డుల కట్ట తెచ్చింది.

“ఇది డెక్. నలభైకి తగ్గకూడదు. మీ వంతు రాగానే ముందు పైనుంచి ఒక కార్డు తియ్యాలి. ఇవి శక్తి కార్డులు. ఏరు, కొండ, నిప్పు. వీటిని వాడుకుని జీవుల్ని బల్ల మీదకి దింపుతాం. వాడిన కార్డుని ఇలా అడ్డంగా తిప్పాలి. మళ్లీ మన వంతు వచ్చేదాకా అది లేవదు.”

“మీ ఆయన లాగా.”

“ఆయనైతే వంతు వచ్చినా లేవరు.” ఆమె పెదవి కొంచెం వంగింది. బైండరుకు ప్రాణం లేచొచ్చింది. “కొత్తగా దిగిన జీవి ఆ వంతులోనే దాడి చెయ్యకూడదు. ముందు కుదురుకోవాలి.”

“కొత్త కోడలన్నమాట.”

“నేను వచ్చినరోజే మీతో పోట్లాడాను, జిగురు వాసన, కిటికీ తెరవండని.”

“నీకు నియమాలెక్కడివమ్మా.”

“సరిగ్గా పట్టారు. ఈ ఆటలో అదే పెద్ద తమాషా. నియమాల పుస్తకంలో ఒకటుండి, కార్డు మీద ఇంకొకటి రాసుంటే, కార్డుదే పైమాట.”

“ఒక్క పేజీ లేచి మొత్తం పుస్తకాన్నే కొట్టేస్తుందా?”

“కొట్టేస్తుంది. చచ్చిన జీవులు ఇటు పక్కకి. దీన్ని శ్మశానం అంటాం. కొన్ని కార్డులు వాటిని కూడా తిరిగి లేపుతాయి. ఆడేవాళ్లకి మొదట్లో లెక్కగా ఇచ్చిన ప్రాణాలన్నీ పోతే ఓటమి. తియ్యడానికి డెక్‌లో కార్డు లేకపోయినా ఓటమే, ప్రాణాలెన్ని మిగిలున్నా సరే. అంతదాకా ఎవరూ రానివ్వరులెండి.”

మాట్లాడుతూనే ఆమె కార్డులు కలపసాగింది. కార్డులు ఒకదానిలోకి ఒకటి వానచినుకుల చప్పుడుతో దూరిపోతున్నాయి.

“మావయ్యా, ఇప్పుడు నా చేతిలో పడిన ఈ వరస ఉంది చూశారూ, లోకంలో ఇంతకుముందు ఎవరి చేతిలోనూ పడి ఉండదు. ఇకముందు పడదు కూడా.”

బైండరు ఆ కట్టనే చూశాడు. తన బతుకంతా పేజీలను వరసలో పెట్టి కుట్టడమే. ఒక్క పేజీ అటుదిటైతే పుస్తకం మొహాన కొట్టేవారు. ఇక్కడేమో కుట్టని పుస్తకం. కలిపిన ప్రతిసారీ ఎవరూ చదవని కొత్త కథ. అందులో ఏర్లూ కొండలూ, చచ్చినవాళ్లూ లేచినవాళ్లూ, చట్టాన్ని కాదనే పేజీలూ. అదంతా కోడలి గుప్పిట్లో పట్టింది. ఆమె కట్టను అతని అరచేతిలో పెడితే, అప్పుడే పెట్టిన గుడ్డును పట్టుకున్నట్టు అందుకున్నాడు. ఇంతటి దానిలోంచి ఒక పేజీని తాను కత్తికి బలిచ్చాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ షాపుకి వెళ్లారు. సన్నటి షాపు. వెనకాల పొడుగు బల్లలు. కార్డులు ఎగిరిపోతాయని ఫ్యాన్లు ఆపేశారు. ఉక్కపోతకు అందరి మెడలూ తడిసినా ఎవరూ కదలడం లేదు. కోడలు డెక్‌ను మామగారికిచ్చి, “తాబేలు చోటు ఖాళీగా ఉంది. ఆ పెట్టెలో ఏరు కార్డులుంటాయి, ఊరికే ఇస్తారు. ఒకటి తీసి తొడుగు వేసి కలపండి,” అని పేరు రాయించుకోవడానికి వెళ్లింది.

ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఆమె ఆఖరి ఆటకు వచ్చింది. ఎదుటి మనిషి పళ్ల డాక్టరు. నవ్వుతూ నవ్వుతూ పీకేసే రకం. ఆఖరి ఆటకు ముందు షాపావిడ ఇద్దరి డెక్‌లూ లెక్కపెట్టింది. డాక్టరుగారివి సరిగ్గా నలభై.

“అమ్మా, నీ దాంట్లో ఒకటి ఎక్కువుంది.”

కోడలు వెనక్కి తిరిగింది. బైండరు ముందుకు వచ్చాడు.

“ఒకటి తాబేలు బదులు. ఇంకొకటి... పుస్తకానికి చివర ఒక ఖాళీ కాగితం వదులుతాం కదమ్మా, లోపలి పేజీలకి కాపలాగా. చెయ్యి దానంతటదే తీసి పెట్టేసింది.”

“పెద్దాయనా,” అన్నాడు పళ్ల డాక్టరు నవ్వుతూ, “మజ్జిగలో నీళ్లు పోసినట్టే అది. ఒకటి ఎక్కువైతే మంచి కార్డు అంత ఆలస్యంగా వస్తుంది.”

“తక్కువ కూడదు కానీ ఎక్కువైతే తప్పేం లేదు,” అంది షాపావిడ. “తీసెయ్యమంటావా?”

ఎండిన జిగురు పొక్కులు కట్టిన మామగారి వేళ్లను కోడలు చూసింది.

“ఉండనివ్వండి. మా మావయ్య కట్టిన పుస్తకం అది.”

ఆ మాటకు బైండరుకు సంతోషం కంటే భయం ఎక్కువ వేసింది. మొదటిసారి ఒక కార్డే చెడింది. ఈసారి మొత్తం ఆటే చెడితే?

నాణెం ఎగరేస్తే మొదటి వంతు కోడలికి వచ్చింది. డాక్టరు నిప్పుపక్షుల్ని దింపాడు. ఆమె ఏటిజీవుల్ని దింపింది. చూస్తూండగానే బల్ల రెండు రాజ్యాలైంది. దాడికి వెళ్లిన జీవి అడ్డంగా పడుకుంటుంది కనుక ఇంట్లో కాపలా ఉండదు. అందుకని ముందడుగు వెయ్యడానికి ఇద్దరికీ జంకే. కార్డులు లేస్తున్నాయి, పడుకుంటున్నాయి, మళ్లీ లేస్తున్నాయి. పెద్ద జంతువేదో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. డాక్టరు శ్మశానంలోంచి ఒక ముసలి డేగను లేపి ఒక్కసారిగా మీదకి వదిలాడు. బైండరు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కోడలు ఒక పొగమంచు కార్డు వేసి ఉంది. దాని మీద రాసినట్టే ఆ వంతులో ఏ దెబ్బా ఎవరికీ తగల్లేదు. ఓడినవాళ్లు ఇళ్లకు పోకుండా చుట్టూ చేరి, గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఎవరూ రానివ్వరన్న చోటికే ఆట వచ్చింది. డెక్‌లు రెండూ పలచబడ్డాయి. కాగితాల మందం చూడడం బైండరుకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అతను జీవుల్ని చూడడం మానేసి ఆ రెండు కట్టల్నే చూడసాగాడు. ముందు తీసేది కోడలు. అంటే రెండూ సమానంగా ఉంటే ముందు ఖాళీ అయ్యేదీ ఆమెదే.

పళ్ల డాక్టరు తన చివరి కార్డు తీశాడు. కోడలి వంతు. ఆమె ముందు ఒక్క కార్డు మిగిలి ఉంది. మెల్లగా తిప్పింది. ఏరు. జీవీ లేదు, రాతా లేదు. ఉత్త నీళ్లు, ఎటో పోతూ.

దాన్ని బల్ల మీద పెట్టి, “నా వంతు అయింది,” అంది.

డాక్టరు అలవాటుగా చెయ్యి చాపాడు. వేళ్లకు బల్ల తగిలింది. కాసేపు అక్కడే ఆ వేళ్లు ఆడాయి.

“పెద్దాయనా,” అన్నాడు చివరికి, “మీ ఖాళీ కాగితం నా పళ్లే పీకి నోరు ఖాళీ చేసింది.”

షాపావిడ బీరువా తాళం తీసింది. కోడలు తాబేలును తెచ్చి తిన్నగా మామగారి అరచేతిలో పెట్టింది. అతను దాన్ని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.

“ఈ మూల కొంచెం...”

“మావయ్యా.”

“నేనేం అనలేదమ్మా.”

ఇక నా సంగతి. నన్ను ఓడించినవాళ్లు లేరని మొదట కోతలు కోశాను కదా. ఈ ఆట నేను ఆడింది ఒక్కసారే, ఆ కోడలితోనే. ముక్కలు తలకిందులుగా పట్టుకున్నానని ఆవిడ చెప్పేలోపే ఓడిపోయాను. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఈగల సంగతి మీరెలాగూ నమ్మలేదు, దాన్ని వదిలెయ్యండి. చివర మిగిలింది ఏరు అన్నానే, అది నేను కల్పించింది. బైండరు కలిపిన ఏరు ఎప్పుడో ఆట మొదట్లోనే వచ్చి పోయింది. చివర మిగిలింది ఒక బక్క కప్ప. కప్పతో కథ ముగిస్తే మీరు నవ్వుతారని ఏరు పెట్టాను. కానీ ఒకటి ఎక్కువ ఉన్న మాట నిజం. డాక్టరు వేళ్లు ఉత్త బల్లను తడమడం నేను పక్కనే నిలబడి చూశాను.