నాలుగో ప్లేటు

మా చెల్లికి తినిపించి తినిపించి ఆసుపత్రి పాలు చేసింది మేమే. తప్పంతా అమ్మ మీదికి తోసేయడానికి నాకు నోరు రాదు. అమ్మకు తెలియదు. నాకు తెలిసి ఉండాల్సింది.

చెల్లి పుట్టినప్పటి నుంచీ సన్నం. సన్నమంటే నాజూకు కాదు. బుగ్గలు లోపలికి పోయి, చేతుల మీద నరాలు తేలి, పదేళ్ల పిల్లకు పహిల్వాను పిక్కలు. ఆకలి మాత్రం తీరేది కాదు. కడుపునిండా తిని చెయ్యి కడుక్కుంటూనే మళ్లీ వంటింటి వైపు చూసేది. పెద్దమ్మ వచ్చినప్పుడల్లా, "పెద్దదానికే అంతా పెట్టి చిన్నదాన్ని మాడుస్తున్నావా ఏంటే?" అని అమ్మను దెప్పేది. ఆ పెద్దదాన్ని నేనే. దెప్పడానికి సరిపడా లావుగానే ఉండేదాన్ని.

ఆ మాట అమ్మను బాగా పొడిచింది. అప్పటి నుంచి మా ఇంట్లో పాల మీద మీగడ చెల్లిది, వెన్న చెల్లిది, నా గుడ్డులో సగం కూడా చెల్లిదే. ఎంత పెట్టినా ఒంటికి పట్టలేదు. ఒక డాక్టరుగారు చూసి ఆకలి పెరగడానికి టానిక్కు రాశాడు. ఆకలి పెరగడానికట. ఆ మహానుభావుడి చేతిరాత ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

"తిన్నదంతా ఎక్కడికి పోతోందే?" అనేది అమ్మ.

"అక్కనడుగు. దాని ఒంటికే చేరుతున్నట్టుంది," అనేది చెల్లి. ముగ్గురం నవ్వుకునేవాళ్లం.

ఇక నా ఉద్యోగం సంగతి. పదహారేళ్లుగా ఒక పరిశోధనశాలలో కణాలు పెంచుతున్నాను. అవీ కొవ్వు కణాలే. కొవ్వు కణం మొదటి నుంచీ కొవ్వు కణం కాదు. అరచేతంత మూత ప్లేటులో వేసినప్పుడు ఏ రకానికీ చెందని బక్క కణాలవి. ప్లేటు అడుగంతా నిండి ఒకదాన్నొకటి తాకేదాకా ఆగి, మందూ కొవ్వూ కలిపిన ద్రవం పోస్తాం. అప్పుడు లోపల ఒక జన్యువు మేలుకుంటుంది. అది మేస్త్రీ లాంటిది, అది వచ్చాకే మిగతా జన్యువులు పనిలోకి దిగుతాయి. వారం పది రోజుల్లో కణం గుండ్రమై, లోపల నూనె బొట్లు పేరుకుంటాయి. పైన రంగు వేస్తే నూనె ఉన్నచోటల్లా ఎర్రబడుతుంది.

పోయినేడు ప్రొఫెసరుగారు ఆరు ప్లేట్లు ఇచ్చారు. వాటి మీద అంకెలు తప్ప ఏమీ లేవు. దేనిలో ఏం చేశారో పెంచేవాళ్లకు చెప్పరు, చెబితే మా కళ్లు కావలసిందే చూస్తాయని. అయిదు ప్లేట్లు చక్కగా నిండుతున్నాయి. నాలుగోది మాత్రం బక్కగానే ఉంది. నేనే ఎక్కడో తక్కువ చేశాననుకున్నాను. జాలేసింది. ఎవరికీ చెప్పకుండా దానికి రోజూ ద్రవం మార్చాను, కొవ్వు రెండింతలు కలిపాను. పదో రోజు రంగు వేస్తే ఎరుపన్నది లేదు. సగం కణాలు చచ్చి పైకి తేలాయి.

"నాలుగులో ఆ మేస్త్రీ జన్యువును మేం ముందే ఆపేశాం," అన్నారు ప్రొఫెసరుగారు. "దాచుకోలేని కణానికి కొవ్వు పోస్తే అదే విషమవుతుంది. ఆ ప్లేట్లు సిద్ధం చేయడానికి పట్టిన ఆరు వారాల పని మట్టిపాలు చేశావు. నీ జాలి ఎవరికి కావాలమ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ దారిలో ఆగి చెల్లికి వెన్న కొన్నాను. ఆయన చెప్పింది మా ఇంటి సంగతేనని నా మట్టిబుర్రకు తట్టనే లేదు.

మూడు నెలల తర్వాత, పనిచేసే చెప్పుల దుకాణంలోనే చెల్లి కడుపు పట్టుకుని కూలబడింది. ఆసుపత్రిలో నర్సు రక్తం తీసింది. కాసేపటికి ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, నా వైపు తిప్పింది. అడుగున ఎరుపు, పైన తెల్లగా, చిక్కగా మీగడ.

"ఏం తింటుందండీ ఈమె?" అని అడిగింది.

డాక్టరమ్మ మర్నాడు అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ అమ్మాయికి కొవ్వు దాచే కణాలే తయారు కాలేదు. వాటిని తయారుచేసే జన్యువు పుట్టుకతోనే పనిచేయదు. దాచుకునే చోటు లేక తిన్న కొవ్వంతా కాలేయంలోకీ రక్తంలోకీ పోయింది. దానివల్లే క్లోమం వాచి ఈ కడుపునొప్పి వచ్చింది. కడుపు నిండిందని మెదడుకు కబురు పంపేది కూడా ఆ కణాలే. అందుకే ఆకలి తీరదు."

"నా వల్లే వచ్చిందా?" అంది అమ్మ.

"మీ నుంచి సగం, వాళ్ల నాన్న నుంచి సగం. మీ తప్పేం లేదు. ఆ కబురు పంపే మందు ఉంది, తెప్పించడానికి నెలలు పడుతుంది. అంతవరకూ కొవ్వు ముట్టకూడదు, తిండి కొలిచి పెట్టాలి. ఇంకోసారి ఇలా అయితే బతకడం కష్టం."

అమ్మ చేతిసంచిలో మూత బిగించిన డబ్బా ఉంది. అందులో చెల్లికని తెచ్చిన వెన్న రొట్టెలు. ఇంటికి వెళ్లేదాకా అమ్మ ఆ డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

చెల్లి ఇంటికి వచ్చాక వంటింటి అల్మారాకు తాళం వేశాను. తాళంచెవి నా మెడలో. మొదటి వారం చెల్లి ఏమీ అడగలేదు. రెండో వారం ఒక మధ్యాహ్నం, కొలిచి పెట్టిన తిండి తిని గంట కాకముందే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఒక్క చెంచా. ఏదైనా సరే."

"వద్దే. నీ కోసమే కదా."

"నా కోసమే, తెలుసు." గొడవ పడలేదు. "చిన్నప్పుడు నేను తింటుంటే అందరూ నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. నువ్వొక్కదానివే ఇంకా కావాలా అని అడిగేదానివి. ఇప్పుడు అడగవేం?"

నాకు ఏడుపొచ్చింది, నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా తాళంచెవిని పిడికిట్లో బిగించుకుని అల్మారాకు అడ్డంగా నిలబడ్డాను. చెల్లి నన్ను తప్పించుకుని వెళ్లి మంచినీళ్లు ముంచుకుంది. రెండు గ్లాసులు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ అల్మారా వైపు చూసింది.