రంగు కట్టిన నీళ్ళు

నేను ఒక ఇనుప బిళ్ళని. జానెడు వెడల్పు ఉంటాను. ఆకివీడులో ఒక వెల్డింగు షాపువాడు నన్ను గుండ్రంగా కోసి, నాలుగు భాగాలు గీసి, ఎదురెదురుగా రెండింటికి తెల్లరంగు, రెండింటికి నల్లరంగు పూశాడు. నడుమ బెజ్జం పెట్టి తాడు కట్టాడు. ఆ తాడు పట్టుకుని నన్ను నీళ్ళలోకి దించుతారు. ఎంత లోతులో కంటికి కనపడకుండా పోతానో అంత తాడు కొలుచుకుంటారు. అదే నా ఉద్యోగం. కనపడకుండా పోయి మెప్పు పొందేదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని గానీ, ఆఫీసుల్లో అలాంటివాళ్ళు బోలెడుమంది ఉన్నారట.

నన్ను కొన్నది వీరరాఘవులు గారు. కొల్లేరు అభయారణ్యం హద్దు పక్కనే ఆయనకి చేపల చెరువులున్నాయి. వాటిలో కోళ్ళ ఎరువూ యూరియా బస్తాలూ గుమ్మరిస్తే నీళ్ళు పచ్చబడతాయి. ఆ పచ్చదనమే చేపపిల్లలకి తిండి. నేను జానెడున్నరలోపు మాయమైతే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది. "రంగు కట్టిందిరోయ్!" అని గట్టు మీంచి కేక పెట్టేవారు. నన్ను రోజూ దించే పని కూలికి వచ్చే నాంచారమ్మది. ఆమె మొగుడు ఏడుకొండలు కొల్లేట్లో దోనె మీద తిరిగి, వెదురు బుట్టలు పెట్టి చేపలు పడతాడు.

చేపల పట్టుబడి అయ్యాక చెరువులోని పచ్చనీళ్ళన్నీ తూము తీసి కాలవలోకి వదిలేస్తారు. కాలవ వెళ్ళి కొల్లేట్లో పడుతుంది. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఇనుముని కదా, నా బుర్ర అంతంతమాత్రం.

ఒకరోజు నా తాడు తెగింది. వీరరాఘవులు గారు కొత్త బిళ్ళ తెప్పించారు. నన్ను తనకిమ్మని నాంచారమ్మ అడిగింది.

"ఏం చేసుకుంటావే? కుండ మీద మూతా?" అని నవ్వుతూ ఇచ్చేశారు. పాపం, మహానుభావుడు! ఏం ఇస్తున్నారో ఆయనకేం తెలుసు?

నాంచారమ్మ నాకు కొత్త తాడు కట్టింది. అప్పట్నించీ రోజూ మిట్టమధ్యాహ్నం నన్ను కొల్లేట్లో ఒకేచోట దించడం మొదలుపెట్టింది. మొదట్లో రెండు మూరల దాకా కనపడేదాన్ని. చెరువు తూము తీసిన వారానికి జానెడులోనే మాయమయ్యాను. మూడోనాడు పొద్దున్నే చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయి. నీళ్ళని పచ్చగా చేసిన నాచే కుళ్ళి నీళ్ళలో గాలి లేకుండా చేసింది. బుట్టల్లో పడినవి కూడా చచ్చే ఉన్నాయి.

"ఇంక లాభం లేదే. బెజవాడ పోయి తాపీపని చేసుకుందాం" అన్నాడు ఏడుకొండలు.

"నువ్వు పోతే పో. నేను కదల్ను" అంది నాంచారమ్మ. మర్నాడే అభయారణ్యం రేంజరు హైమావతి గారి దగ్గరికి వెళ్ళింది. వచ్చే వారం ఇంకో రెండు చెరువులు ఖాళీ చేస్తారనీ, ఆ నీళ్ళూ వస్తే ఇక కొల్లేట్లో తమ బతుకు తెల్లారినట్టేననీ చెప్పింది.

హైమావతి గారు వీరరాఘవులు గారిని కూడా పిలిపించుకుని ఒడ్డుకి వచ్చారు.

"వానలకొచ్చిన బురదండి ఇది. కొల్లేరన్నాక బురదుండదేంటండి?" అన్నారాయన. రేంజరమ్మ కాస్త మెత్తబడినట్టే కనిపించింది. నా ప్రాణం ఉసూరుమంది.

నాంచారమ్మ తొణకలేదు. ఇద్దర్నీ దోనె ఎక్కించింది. నా తాడు ఆయన చేతికిచ్చి, "మీరే దించండయ్యగారూ. ఈ చుట్టుపక్కల నీళ్ళ సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసండీ?" అంది.

పొగిడితే ఉబ్బనివాడు ఎవడు? ఆయన పంచె ఎగ్గట్టి, ముందుకు వంగి, నన్ను దించారు. జానెడు దిగానో లేదో మాయం.

"అబ్బబ్బ, ఏం రంగు కట్టిందండీ! ఒక్క బస్తా కూడా అక్కర్లేదు, రేపే చేపపిల్లని వదిలెయ్యొచ్చు!" అనేశారు. పాతికేళ్ళ అలవాటు మరి, నోరు ఊరుకుంటుందా?

"బురదన్నారు కదండీ?" అని రేంజరమ్మ కాగితం తీసింది. ఆయన నా తాడు అలాగే పట్టుకుని ఆకాశంలోకి చూశారు. నీళ్ళలో ఉండి నేను ఎంత నవ్వానో నాకే తెలుసు.

చెరువు నీళ్ళు నేరుగా కాలవలోకి వదలడానికి వీల్లేదనీ, వేరే గుంటలో నిలవబెట్టి తేర్చాలనీ రేంజరమ్మ ఉత్తర్వు రాసింది. నేను రెండు మూరల లోతు దాకా కనపడితేనే తూము తియ్యాలి. కొలిచేది నాంచారమ్మ.

నెల తిరిగాక వీరరాఘవులు గారు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని గుంట గట్టు మీదికి వచ్చారు. మనుషులు అప్పుడే తూము పలక సగం పైకి లేపి పట్టుకున్నారు. నాంచారమ్మ నన్ను దించింది. మూరన్నర దగ్గరే మాయమయ్యాను.

"ఇంకో అరమూర కావాలండయ్యగారూ."

"అరమూరకి ఏముందే? ఎల్లుండి చేపపిల్ల వస్తోంది, ఈ గుంట ఖాళీ అయితే గానీ చెరువు ఖాళీ అవదు. కాస్త సర్దుకో."

"ఆ అరమూరలోనే మా ఇల్లుందండి. పలక దించమనండి."

ఆయన మొహం ఎర్రబడింది. పలక పట్టుకున్న మనుషులిద్దరూ ఆయన వంకే చూస్తున్నారు. నాంచారమ్మ మాత్రం తాడు వదలకుండా నీళ్ళలోకే చూస్తోంది.

"దించండ్రా" అన్నారాయన.