మా అత్తగారి చేతి బాతు

బోర్డు ముందే రాయించేశారు. నా ఒళ్ళు మండడం అక్కడే మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా ఆడపడుచు దాన్ని కారులోంచి దింపి, నేను తుడిచిన హాల్లో, నేను తుడిచిన గోడకి ఆనించింది. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలు: ‘అమ్మ చేతి బాతు’. పక్కనే గరిటె పట్టుకుని నవ్వుతున్న మా అత్తగారి బొమ్మ. వచ్చే నెల ఆడపడుచు తెరవబోయే హోటల్ పేరు అది.

ఆ బాతు వండేది నేను. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

పదకొండేళ్ళ కిందట మొదటిసారి వండాను. మా ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్. షెడ్డులోని స్నేహితుల్ని భోజనానికి పిలిచాడు. ఆ రోజు బాతు చెప్పు అడుగులా సాగింది. ఒకాయన ముక్కని పళ్ళ మధ్య పెట్టి రెండు చేతులతో లాగాడు. అందరూ పగలబడి నవ్వారు. “మా అమ్మని అడిగి నేర్చుకోవచ్చు కదా” అన్నాడు మా ఆయన, అందరి ముందూ.

అడిగాను. “వండుతూ ఉంటే అదే వస్తుందమ్మా” అంది అత్తగారు. అంతే నేర్పింది.

తరవాత నా తిప్పలు నేనే పడ్డాను. కుక్కర్లో పెడితే పీచుపీచుగా విడిపోయింది, అయినా నోట్లో పొడిపొడిగానే ఉంది. నూనెలో వేయిస్తే వంటిల్లంతా జిడ్డు. వారమంతా లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసి, సెలవున్న ఒక్క ఆదివారం పొయ్యి ముందు నిలబడ్డాను. కోడి వేరు, బాతు వేరు అని తెలుసుకోవడానికే మూడేళ్ళు పట్టింది. బాతుకి చర్మం కింద వేలెడు మందం కొవ్వు ఉంటుంది. ముందు దాన్ని మెల్లగా కరిగించి బయటికి తీయాలి. తొందరపడితే కొవ్వు లోపలే ఉండిపోతుంది, మాంసం బిగుసుకుపోతుంది. అలాంటి బాతులు ఎన్ని తిన్నామో నా పిల్లల్ని అడగండి.

బాతు మెత్తబడిన రోజు మా ఆయన వేళ్ళు నాక్కుని, “అచ్చం మా అమ్మ చెయ్యి” అన్నాడు. గట్టిగా ఉన్నన్నాళ్ళూ అది నా చెయ్యే. మెత్తబడేసరికి వాళ్ళ అమ్మది అయిపోయింది. అత్తగారు అవుననలేదు, కాదనలేదు, ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు నవ్వుతూనే ఉంది ఇన్నేళ్ళూ, ఏ చుట్టం వచ్చి మెచ్చుకున్నా.

ఇక ఆ ఆదివారం. హోటల్లో వంటవాడికి చూపించడానికీ, జనానికి చూపించడానికీ వీడియో తీస్తామన్నారు. “చెల్లెలు కష్టపడుతోంది, ఒక్క పూట సాయం చెయ్యి” అన్నాడు మా ఆయన. నన్నే అడుగుతారు కదా, నేనే చెబుతాను కదా అనుకుని ఒప్పుకున్నాను. ముందు రోజే బాతుకి ఉప్పు రుద్ది, చర్మం ఆరేలా మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాను.

పొయ్యి ముందు కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టారు. కొత్త చీర, చేతిలో గరిటె. నన్ను పక్కన నిలబడి వండమన్నారు. ఆడపడుచు ఫోనుని అత్తగారి మొహం మీదే పెట్టి, “వదినా, కొంచెం వంగు, నీ తల పడుతోంది” అంది. వంగాను. చల్లటి బాణలిలో చర్మం కిందికి వచ్చేలా ముక్కలు పరిచి సన్నమంట పెట్టాను. ఇరవై నిమిషాలకి కొవ్వంతా తేలింది. దాన్ని గిన్నెలోకి వంపి, ఒక్క చెంచా కొవ్వులో ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి వేయించాను. మిరియాల పొడి, కాస్త వెనిగర్. ముక్కలు సగం మునిగేలా వేణ్ణీళ్ళు పోసి మూత పెట్టాను. మంట ఎంత ఉండాలంటే, ఒక బుడగ పగిలాక ఇంకోటి రావాలి. అలా రెండు గంటలు ఉంచాలి.

నా నడుం పట్టేసింది. అయినా నోరు మూసుకుని వంగే ఉన్నాను.

అప్పుడు ఆడపడుచు ఫోను కిందికి దించి, చాలా మామూలుగా అంది. “వదినా, ఇంత మెత్తగా రావడానికి అసలు కిటుకు ఏంటో అమ్మ చెవిలో చెప్పు. అమ్మ కెమెరాకి చెబుతుంది.”

అత్తగారు చెవి మీంచి కొంగు తీసి, తల నా వైపు వంచింది.

నేను నిటారుగా నిలబడ్డాను. చేతులు తుడుచుకున్నాను. “మీ అమ్మ చేతి బాతు కదా. ఆవిడకి నేను చెప్పేదేముంది?” అని చెప్పి, బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

కూర్చున్నానే కానీ చెవులు వంటింట్లోనే ఉన్నాయి. ఎవరో మంట పెద్దది చేశారు. కుతకుతమని చప్పుడు. చెంబుతో నీళ్ళు పోశారు, ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగింది కాబట్టి చన్నీళ్ళే. మాంసం ఎలా బిగుసుకుంటోందో నాకు కనిపిస్తూనే ఉంది. పళ్ళు కొరుక్కున్నాను.

మా ఆయన వచ్చాడు. “చిన్న విషయానికి ఇంత గొడవా?”

“ఆ బాతు ఎవరు వండుతారో ఒక్కసారి చెప్పండి. మీ నోటితో. లేచి వస్తాను.”

ఆయన చెప్పు వంక చూసుకున్నాడు. “నువ్వే వండుతావు, ఎవరు కాదన్నారు? కానీ అమ్మ దగ్గర నేర్చుకునే కదా?”

లోపల ఆడపడుచు గొంతు పెరిగింది. “అమ్మా, ఏదో ఒకటి చెప్పు. ఎంతసేపు ఉడకాలి? నీళ్ళు ఎన్ని పోయాలి?”

“నాకేం తెలుసే?” అంది అత్తగారు. వీధిలోకి వినిపించేలా అంది. “నేను ఏనాడూ బాతు వండి ఎరుగను. మీ నాన్న తెచ్చింది లేదు, నేను వండింది లేదు. ఆ పిల్లకి నేనేం నేర్పలేదు. వెళ్ళి దాన్నే పిలవండి.”

నేను లేచి లోపలికి వెళ్ళాను. పొయ్యి కట్టేశాను. చెంచాతో ముక్క నొక్కితే రాయిలా ఉంది. అప్పుడు అత్తగారి వైపు తిరిగాను.

“ఇన్నేళ్ళూ ఈ మాట నోట్లో పెట్టుకుని ఎలా తిన్నారు అత్తయ్యా?”

ఆవిడ గరిటెని ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూసింది. “బాగుండేదమ్మా, వినడానికి. మీ మామయ్య ముప్ఫై ఏళ్ళు నా వంట తిన్నాడు. ఒక్క పూట బాగుందని అనలేదు.”

జాలి వేసింది, కాదనను. ఆ జాలి వచ్చినందుకు కోపం ఇంకా ఎక్కువైంది. ఆవిడకి దక్కనిది నా దగ్గర తీసుకుందన్న మాట.

ఆడపడుచు గొంతు తగ్గించింది. “సరే వదినా, తప్పయింది. బోర్డు మీద కింద చిన్న అక్షరాలతో నిన్ను కూడా వేయిస్తాను. ఇప్పుడైనా చెప్పు, హోటల్‌కి అడ్వాన్సు కూడా కట్టేశాను.”

“చెప్పను.”

“ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా దాపరికం ఏంటే?” అన్నాడు మా ఆయన.

నేను బాణలి దించి, బిగుసుకుపోయిన ఆ బాతుని అలాగే బల్ల మీద పెట్టాను. నాలుగు పళ్ళేలు పరిచాను. ఎవరూ కుర్చీ లాగలేదు. కాసేపటికి అత్తగారు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“వాళ్ళకి వద్దులే. నాకైనా చెప్పమ్మా, ఒక్కసారి నా చేత్తో వండి చూస్తాను.”

చెయ్యి వదిలించుకున్నాను. “మీకు పదకొండేళ్ళుగా వచ్చు కదా అత్తయ్యా” అన్నాను.