అందుకునేవాడు

వరిగడ్డి మంట మీద డప్పును తిప్పుతూ ఏసోబు వేళ్ళతో తోలును తట్టి చూశాడు. రాత్రి పడిన వానకు తేమ పట్టి ఇంకా మెత్తగానే ఉంది. బడి ఆవరణలో ఒక మూల గొంతుకూర్చుని, పొగకు కళ్ళు చికిలించి, మరో గుప్పెడు గడ్డి వేశాడు. పొడుగాటి మనిషి. అతని భుజం మీద సర్కారు ఇచ్చిన గొంగడి మెడకు ఒరుసుకుని ఒరుసుకుని అక్కడ చర్మం నల్లబడింది.

వేదిక మీద లింగస్వామి మైకు సరిచూస్తున్నాడు. అందరిలా హలో అనడు. ఊరికే ఒక రాగం తీస్తాడు. గోడ అవతల బండ మీద బట్టలు ఉతుకుతున్న చప్పుడు ఆగిపోయింది. ఏసోబు తలెత్తి చూడలేదు. చూడకుండానే ఆ ఆడవాళ్ళ ముఖాలు ఎటు తిరిగాయో అతనికి తెలుసు.

పొద్దున ఇంట్లోనూ ఇదే. భార్య ఎస్తేరు రొట్టె చేస్తూ కూనిరాగం తీసింది. ఆ పాట ఏసోబు ఇంట్లో ఎన్నిసార్లు పాడి ఉంటాడో. అయినా చరణం చివర ఆమె గొంతు లింగస్వామి విరిచే చోటే విరిగింది.

“గట్ల కాదు,” అన్నాడు.

“మరెట్ల? గట్లనే పాడుతరు గదా,” అంది ఆమె రొట్టె తిరగేస్తూ.

అతను తినకుండానే లేచి వచ్చాడు. ఎందుకో ఆమెకు తెలియలేదు. తెలిస్తే నవ్వేది. అది ఇంకా ఘోరం.

ఉద్యమం నాళ్ళలో ఇద్దరూ ఒకే ట్రాక్టరు ట్రాలీ మీద నిలబడి రామన్నపేట నుంచి కల్వకుర్తి దాకా పాడారు. రాష్ట్రం వచ్చాక సర్కారు కళాబృందంలో ఇద్దరికీ ఒకేనాడు నౌకరి దొరికింది. జీతం ఒకటే, గొంగడి ఒకటే. తేడా ఒక్క అడుగు. లింగస్వామి ముందు నిలబడి పాట ఎత్తుకుంటాడు. ఏసోబు అడుగు వెనక నిలబడి అందుకుంటాడు. ఏ ఫోటోలో చూసినా లింగస్వామి భుజం వెనక అతని సగం ముఖమే.

లింగస్వామి చెడ్డవాడైతే బాగుండేది. కాదు. ఏసోబు తల్లి పోయినప్పుడు శవపెట్టెకు భుజం పట్టింది అతనే. ఆనాడు సమాధి పక్కన కూడా జనం పాడమని అడిగింది లింగస్వామినే. కొడుకు పక్కనే ఉన్నాడు. ఎవరికీ తట్టలేదు. మట్టి వేస్తూ ఏసోబు ఏడ్చింది తల్లి కోసం కాదు, దానికి. అది అతనికొక్కడికే తెలుసు.

“ఏసోబన్నా, డప్పు కాస్తున్నవా, మక్కకంకి లెక్క కాల్చుకతింటవా?” వేదిక మీంచి లింగస్వామి కేకేశాడు. పిల్లలు నవ్వారు. ఏసోబు కూడా నవ్వాడు, అలవాటు కొద్దీ.

బృందానికి పెద్ద నవీన్‌కుమార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. పాటల మాటలు ఆఫీసు నుంచి కాగితం మీద వస్తాయి. కాగితంలో ఉన్నదే పాడినట్టు ఫోనులో తీసి పంపడం అతని పని.

“జర ఇను అన్నా. పోయిన నెల లింగన్న కాయితంల లేని చరణం పాడిండు. ఇంకోసారి పాడితే ఇంటికే అని పైనుంచి చెప్పిన్రు.”

“నాకెందుకు? ఆయనకే చెప్పు.”

“చెప్పిన. నవ్విండు. అందుకునేటోనివి నువ్వు. ఆయన కాయితం ఇడిచి పక్కకు పోతే నువ్వు అందుకోకు. నువ్వు ఆగితే పాట ఆడనే పడిపోతది. మాట తడబడ్డదని నేను కప్పుత. పిల్లలున్నోడు, ఆయన నౌకరి నీ చేతుల ఉన్నది.” లేచి దుమ్ము దులుపుకుంటూ, “ఆయన పోతే ముందటి మైకు నీదేననుకో,” అని కన్ను గీటాడు.

డప్పు ఖంగుమంది. ఏసోబు మంట మీద నీళ్ళు చల్లాడు.

దేవరకొండ అవతల, రిజర్వాయరులో మునిగిన ఊరి జనానికి కట్టిచ్చిన కాలనీ అది. పాడవలసింది రిజర్వాయరు గురించే. ఎండ దిగాక జనం పోగయ్యారు. లింగస్వామి ఎత్తుకున్నాడు: “నీళ్ళొచ్చె నీళ్ళొచ్చె, నిండెనమ్మ మా చెరువు.” వెనక నుంచి నలుగురూ అందుకున్నారు.

రెండో చరణంలో ముందు వరసలోని ముసలమ్మ లేచి నిలబడింది. హనుమమ్మ అని పక్కవాళ్ళు కొంగు పట్టి లాగుతున్నారు.

“ఆగు బిడ్డా! గప్పుడు మా ఊరికొచ్చి గిదే పాటల మా భూములు మాయే అన్నవు. గిప్పుడు నీళ్ళొచ్చినయని ఎగురవడ్తివి. మా ఊరేది మరి? నీ సంకల వెట్టుకపోయినవా?”

జనం నవ్వారు. లింగస్వామి నవ్వలేదు. అతని మెడ నరం కదలడం వెనక నుంచి ఏసోబుకు కనబడింది. డప్పు నడుస్తూనే ఉంది. లింగస్వామి కళ్ళు మూసుకుని గొంతు కిందికి దించాడు:

“నీళ్ళొచ్చె నీళ్ళొచ్చె, నీళ్ళడుగున నా ఇల్లు.”

ఇక అందుకోవాలి. ఒక్క దరువు జాగా. మిగతా ముగ్గురూ ఏసోబు పెదవుల వైపే చూస్తున్నారు. అతను ఆగితే పాట పడిపోతుంది, మనిషి మిగులుతాడు. అతనికి పక్కన నవీన్‌కుమార్ ఎత్తి పట్టుకున్న ఫోను కనబడింది. లింగస్వామి లేని మైకు కనబడింది.

“నీళ్ళడుగున నా ఇల్లు!”

తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత నిండుగా ఎప్పుడూ పలకలేదు. వెనకవాళ్ళు ఎగబడి అందుకున్నారు. ఆడవాళ్ళు లేచారు. హనుమమ్మ తల బాదుకుంటూ పాడుతోంది. లింగస్వామి చరణం మీద చరణం కట్టుకుంటూ పోయాడు, ఏసోబు ఒక్క మాటా జారనివ్వలేదు. ఏడుస్తున్న ముఖాలన్నీ లింగస్వామి వైపే తిరిగి ఉన్నాయి.

పాట ఆగగానే నవీన్‌కుమార్ తీసింది పైకి పంపాడు. కాసేపటికే అతని ఫోను మోగింది. అతను విని, లింగస్వామికి ఇచ్చాడు.

“అవు సార్, నేనే. కార్డు ఇచ్చేస్త.” లింగస్వామి క్షణం ఆగాడు. “ఏసోబుకేం ఎర్క లేదు సార్. అలవాటుల అందుకున్నడు. ఆయనను ఏమనకున్రి.”

ఫోను ఇచ్చేసి, మెడలోని గుర్తింపు కార్డు తీసి నవీన్‌కుమార్ చేతిలో పెట్టాడు. ఏసోబు దగ్గరికి వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

“నువ్వు ఆగుతవనుకున్న అన్నా. ఆగుమని నీకు చెప్పిన్రని కూడ ఎర్కే. నా పాట పడొద్దని ఆగలేదు నువ్వు.”

ఏసోబు నోరు తెరిచాడు. నిజం నాలుక మీదికి వచ్చి, కార్డు లేని ఆ మెడను చూసి, వెనక్కి పోయింది. లోపల కుట్టింది పశ్చాత్తాపం కాదు. ఇప్పుడు కూడా ఇతనే ముందున్నాడు.

“తింటానికి రమ్మంటున్నరు. మీరు నడువున్రి, నేను పొద్దుగాల బస్సుకు పోత,” అన్నాడు లింగస్వామి. హనుమమ్మ అతని చెయ్యి పట్టుకుని ఇళ్ళ వైపు నడిచింది. జనం వాళ్ళ వెంటే పోయారు. ఆవరణ ఖాళీ అయింది.

“రేపటి సంది నువ్వే ఎత్తుకోవాలె,” అని నవీన్‌కుమార్ వ్యాను ఎక్కాడు.

వైర్లు చుట్టడానికి ఏసోబు వేదిక ఎక్కాడు. మైకు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. స్విచ్చు ఆపేసి ఉంది. స్టాండు కాలి పక్కన స్టీలు గ్లాసు ఉంది, అంచు కింద చుక్కలతో చెక్కిన లింగస్వామి పేరు, గొంతు తడుపుకోగా మిగిలిన సగం వేణ్ణీళ్ళు, అడుగున ఇంకా కరగని చిటికెడు ఉప్పు.