రికార్డులో ఏపీ, బండి మీద టీజీ

నాకు లారీ నడపడం రాదు. స్కూటరు మీద కూడా మలుపు రాగానే రెండు కాళ్లూ కిందికి దించుతాను. అలాంటి నాకు సిరిసిల్లలో భూమయ్య సేటు లారీల తనిఖీ ఉద్యోగం ఇచ్చాడు. ఆయన బట్ట షోలాపూరుకు, భివండికి పోతుంది. సరుకు ఎత్తే ముందు నేను ట్రాన్స్‌పోర్టు కంపెనీకి వెళ్లి రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, బ్రేకులు, టైర్లు చూసి, అన్నీ బాగుంటే స్టాంపు కొట్టాలి. ఆ రబ్బరు స్టాంపు చేతికొచ్చాక నా నడకే మారిపోయిందని మా ఆవిడ సరిత అంటుంది. నిజమే. పెళ్లిళ్లకు కూడా దాన్ని జేబులో వేసుకునే పోయేవాణ్ని.

అది పగటి ఉద్యోగం. సాయంత్రమైతే నేను తెలంగాణ ఉద్యమకారుణ్ని. అవి రెండువేల పదకొండు నాటి రోజులు. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ రాయడం ఊరూరా నడుస్తోంది. దీక్షా శిబిరంలో అందరికన్నా పెద్ద గొంతు నాది కాబట్టి బ్రష్షు కూడా నాకే ఇచ్చారు. పాత బస్టాండు దగ్గర లారీలు ఆపి, ఏపీ మీద పసుపు రంగు పూసి, నల్లరంగుతో టీజీ దిద్దేవాణ్ని. నేను రాసే జీకి కింద చిన్న తోక వస్తుంది. అది అక్షరానికి అందం అనుకునేవాణ్ని. "గీ చెయ్యి ఇగ సచ్చినా ఏపీ రాయది!" అని మైకులో ప్రతిజ్ఞ కూడా చేశాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఇంతలో సేటు బట్ట తీసుకెళ్తున్న ఒక లారీ మహారాష్ట్ర చెక్‌పోస్టులో ఆగిపోయింది. ప్లేటు మీద ఒకటి, రికార్డులో ఒకటి ఉందని అక్కడివాళ్లు వదల్లేదు. వాన పడి బట్టంతా తడిసింది. సేటు నన్ను పిలిచాడు.

"రాజేశం, ప్లేటుకు రికార్డుకు కలవకుంటె సరుకు ఎత్తద్దు. ఎంత మంచి బండైనా సరే."

"ఎవడో తలమాసినోడు చేసిన పని సేటూ" అన్నాను. ఆ తలమాసినవాణ్ని నేనే అయ్యుండొచ్చని ఒక్క క్షణం కూడా తట్టలేదు.

మర్నాడు కోరుట్ల వెళ్లాను. అక్కడ మైమూనా బీది ఒకే ఒక్క లారీ ఉన్న కంపెనీ. భర్త హబీబుద్దీన్‌కు చూపు పోయాక ఆమే నడుపుతోంది. కొడుకు అఫ్సర్ డ్రైవరు. సేటు సరుకు దొరికితే బండి ఇంట్లో ఉంటుంది, లేకపోతే మర్నాడే జగిత్యాల బేరగాడు వచ్చి బండి కొని తోలుకుపోతాడు. ఈ మాట ఆమె నాకు చాయ్ ఇస్తూ చెప్పింది.

"ఆయనకు కండ్లు కనవడ్తలెవ్వు సారు. గీ బండి సప్పుడు ఇనే లేస్తడు, గది ఇంటికచ్చిన సప్పుడు ఇనే పంటడు. బండి పోతె మనిషి ఆగమైతడు."

అరుగు మీద కూర్చున్న హబీబుద్దీన్ మా వైపు తిరగలేదు కానీ, అంతా వింటున్నాడు.

నేను స్టాంపు తీసి బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు సర్దుకున్నాను. కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశ కలిగింది. టైర్లను తన్ని చూశాను. ఎందుకు తన్నాలో నాకు ఇప్పటికీ తెలియదు, అందరూ తంతారు. బ్రేకుల కోసం కేబిన్‌లో ఎక్కి, బండి కొంత దూరం పోయాక "కొట్టు" అన్నాను. అఫ్సర్ కొట్టాడు. నా నుదురు ముందు అద్దానికి తగిలింది. బ్రేకులు దివ్యంగా ఉన్నాయని రాసుకున్నాను.

దిగి, నుదురు రుద్దుకుంటూ ప్లేటు ముందుకు వచ్చాను. రికార్డులో ఏపీ. ప్లేటు మీద టీజీ.

"గిదేంది బీబీ?" అన్నాను, మైకు ముందు నిలబడ్డ గొంతుతో. "గిట్లుంటె స్టాంపు వడది. బండి మీద ఇష్టమచ్చినట్టు గీకుతరా? ఎవలు రాసిండ్రు గిది?"

అఫ్సర్ ప్లేటు చూసి, నన్ను చూశాడు.

"మీరే సారు."

అప్పుడు కనిపించింది, జీ కింద తోక.

"సిరిసిల్ల పాత బస్టాండ్ల" అన్నాడు అఫ్సర్. "చెక్‌పోస్టుల ఆపుతరు, వద్దు సారు అన్న. 'నువ్వసలు తెలంగాణోనివేనా?' అని అడిగిండ్రు. మా తాత గీ కోరుట్లనే పుట్టిండని చెప్పిన. మీరు ఇనలే. అందరు నవ్విండ్రు."

నాకది ఏమాత్రం గుర్తు లేదు. అన్నదానికన్నా, అని మరిచిపోయినందుకే ఎక్కువ సిగ్గేసింది.

పెయింటరు విఠల్‌కు ఫోన్ చేయించాను. కోరుట్లలో ఏపీ రాస్తే తన రంగు డబ్బాలు తన నెత్తిమీదే పోస్తారని, అతను రానన్నాడు. ఇక మిగిలింది నేనే. అఫ్సర్ రంగులు తెచ్చి ముందు పెట్టాడు. బండి ముందు గొంతుక్కూర్చుని నా టీజీని నేనే తుడిచాను. తోక అన్నిటికన్నా చివర పోయింది. ఏ రాశాను. అంతలో బస్టాండు వైపు నుంచి ఊరేగింపు వచ్చింది.

ముందు నడుస్తున్నది సాగర్. సిరిసిల్ల శిబిరానికి వచ్చినప్పుడు నా ప్రతిజ్ఞకు మొదట చప్పట్లు కొట్టిన కోరుట్లవాడు. నేను లేచి నిలబడి బ్రష్షు వెనక్కి దాచాను. నల్లరంగు చొక్కా మీదుగా ప్యాంటులోకి కారుతోంది.

"ఏపీ రాస్తున్నది ఎవలు?" అన్నాడు సాగర్.

శిబిరంలో అందరికన్నా పెద్ద గొంతున్న నేను పక్కనున్న టైరును మళ్లీ ఒకసారి తన్ని చూశాను. మైమూనా బీ అరుగు దిగి వచ్చింది.

"నేనే రాయిస్తున్న బేటా. బండి నాది. రికార్డుల గట్లనే ఉన్నది, లేకుంటె చెక్‌పోస్టుల ఆపుతరు. తెలంగాణ అచ్చేదాక మా పొయ్యి ఎలగద్దా? అచ్చినంక నువ్వే అచ్చి రాయి, చాయ్ పోస్త."

"మరి సారు గీడేం జేస్తుండు?"

"బ్రేకులు సూసెటందుకు అచ్చిండు."

అందులో అబద్ధం లేదు. నా నుదుటి మీద బొప్పి సాక్ష్యంగా ఉంది. సాగర్ ఆమెను చూశాడు, నా ప్యాంటును చూశాడు. "సరే అమ్మా" అని ఊరేగింపును ముందుకు నడిపించాడు.

ఆమెకు దండం పెట్టాలనిపించింది. "బీబీ..." అన్నాను.

"పీ మిగిలింది సారు" అంది ఆమె. "రాయుండ్రి, పొద్దుపోతుంది."

రాశాను. కొంచెం వంకరగా వచ్చింది. రంగు ఆరాక స్టాంపు కొట్టాను. అఫ్సర్ ఇంజను లేపగానే హబీబుద్దీన్ ముఖం బండి వైపు తిరిగింది. అంతసేపట్లో ఆయన నవ్వడం అదే మొదలు.

లారీ సిరిసిల్ల దారి పట్టింది. మలుపు దగ్గర అఫ్సర్ కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచాడు.

"జై తెలంగాణ, సారూ!"

నాకన్నా ముందు హబీబుద్దీన్ అరుగు మీంచి లేచి నిలబడి జవాబిచ్చాడు. ఆయన వెనకాల నేనూ అన్నాను, మైకు లేకుండా.