మూడు మూలల మడత

సంచిని ముందు బల్ల మీద పరిచి అరచేత్తో గాలంతా తీసేయాలి. తర్వాత నిలువుగా రెండు మడతలు. అక్కణ్ణుంచి కింది మూల పైకి, పై మూల పక్కకి మడుస్తూ పోయి, చివర మిగిలిన చెవుల్ని లోపలికి దోపితే మూడు మూలల మడత తయారవుతుంది. గుప్పిట్లో ఇమిడిపోతుంది. ఈ ఇంట్లోకి వచ్చిన ప్రతి ప్లాస్టిక్ సంచినీ నేనిలా మడిచి సింకు కింద పాత రేకు డబ్బాలో పెడతాను. నలభై ఏళ్ళుగా పెడుతున్నాను. మా ఆయన ఆ డబ్బాకి ఖజానా అని పేరు పెట్టారు. ఇంటికి ఎవరొచ్చినా ఆ జోకు తప్పదు. "మా ఆవిడ నన్ను నగలడగదండోయ్. సంచి పారేశామంటే మాత్రం మూడు రోజులు తిండి మానేస్తుంది." వచ్చినవాళ్ళు నవ్వేవారు. వాళ్ళకి టీ అందిస్తూ నేనూ నవ్వేదాన్ని.

నేను బడికి వెళ్ళలేదు. చదువు ఈ సంచుల మీదే నేర్చుకున్నాను. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ఆఫీసుకి వెళ్ళాక తలుపు గడియ పెట్టుకుని సంచుల మీది అక్షరాలు వేలితో తడిమేదాన్ని. సబ్బు పెట్టె మీద సబ్బు అనే ఉంటుంది కాబట్టి 'స' దొరికింది. పాల ప్యాకెట్టు మీద 'ప' దొరికింది. ఎవరి సాయమూ లేకుండా మొదటిసారి నేను పూర్తిగా చదివినవి సంచి అడుగున ఉన్న చిన్న అక్షరాలు: 'ధన్యవాదాలు. మళ్ళీ రండి.' ఎవరో నాకోసమే రాసిపెట్టినట్టు అనిపించి నేల మీద కూర్చుండిపోయాను. ఎందుకంటే గుమ్మం దాటి ఎవరు వెళ్తున్నా ఇక రారేమోనని నాకు గుండె జారిపోతుంది. పంతొమ్మిదేళ్ళ తమ్ముడు పనికని రైలెక్కి తిరిగి రాలేదు. అక్కని ఆస్పత్రిలో చేర్చిన నాలుగో రోజు ఆమె కళ్ళజోడు, దువ్వెన, సగం చదివిన పుస్తకం ఒక సంచిలో వేసి నా చేతికిచ్చారు. ఆ సంచి మీద కూడా 'మళ్ళీ రండి' అనే ఉంది. అలాంటి దాన్ని ఎలా పారేయను? దాన్ని మడిచి డబ్బా అడుగున పెట్టుకున్నాను.

ఇక మా వీధి మలుపులో ఉన్న సూపర్ మార్కెట్ కౌంటరమ్మాయి సంగతి. అమ్మాయంటే చిన్నదేం కాదు, నలభై దగ్గర పడుతున్న మనిషి. ఒక్కతే కూతుర్ని పెంచుకుంటోంది. బిల్లు చేతికి రాగానే అందులోని ప్రతి అక్షరం చదవడం నా అలవాటు. వెనక జనం గొణిగితే ఆ అమ్మాయి, "ఆగండి బాబూ, మా పెద్దమ్మ చదువుకుంటోంది" అనేది. ఓసారి మెల్లగా అడిగింది, "పెద్దమ్మా, బిల్లు తప్ప చదవడానికి ఇంకేమీ లేవా?" అని. మర్నాడు కూతురి పాత ఒకటో తరగతి పుస్తకం తెచ్చిచ్చింది. అలా మొదలై మూడేళ్ళలో నేను తొమ్మిదో తరగతిలో పడ్డాను. "ఆరు అయిపోయిందా పెద్దమ్మా, ఏడు తేనా?" అని అది అడిగిన రోజున ఇంటికి నడిచొచ్చినట్టే ఉండదు నాకు, తేలుతూ వచ్చినట్టుంటుంది.

ఈ నెల మొదట్లో ఆ కౌంటర్ పైన ఒక బోర్డు వేలాడదీశారు. 'ఇవాళ్టి నుంచి సంచి ఉచితం కాదు. మీ సంచి మీరే తెచ్చుకోండి. ధన్యవాదాలు.' ఇక చూడాలి ఆ తమాషా. ఒకాయన బంగాళాదుంపలు హెల్మెట్‌లో పోసుకుని, దాన్ని కడవలా చంకనెత్తుకుని వెళ్ళాడు. ఒకావిడ చంటిపిల్లని భుజానేసుకుని, పిల్ల తోపుడుబండిలో ఉల్లిపాయల్ని పడుకోబెట్టింది. "మా సంచి తలుపు వెనకే ఉంటుంది తల్లీ, తలుపు దాటాకే గుర్తొస్తుంది" అని తలకొట్టుకుందో పెద్దావిడ. సూటు వేసుకున్న ఒకతను మాత్రం, "సంచి కావాలా అని అడుగుతున్నావా, నన్ను అవమానిస్తున్నావా?" అని అరిచాడు. ఆ నియమం ఆ అమ్మాయే పెట్టినట్టు, వసూలైంది ఆ అమ్మాయే ఇంటికి పట్టుకుపోతున్నట్టు, అందరూ దాని మీదే పడ్డారు. రెండు వారాల్లో ఫిర్యాదుల పుస్తకంలో దాని మీద రెండు ఫిర్యాదులు పడ్డాయి. "మూడోది పడితే గోడౌన్‌కి మార్చేస్తారట పెద్దమ్మా. ఊరికి ఆ చివర. అక్కడ రాత్రి డ్యూటీలు. ఎదిగిన పిల్లని ఒంటరిగా ఎలా వదలను?" అంది, సబ్బులు లెక్కపెడుతూ, నా మొహం చూడకుండా.

ఆ వారంలోనే నా మోకాలు వాచింది. అడుగు పడలేదు. సరుకులకి మా ఆయనే వెళ్ళాల్సి వచ్చింది. కాపురంలో అదే మొదటిసారి. "సంచి పట్టుకెళ్ళండి, సింకు కింద..." అన్నాను. "చంకలో సంచి పెట్టుకుని నలుగురిలో తిరగమంటావా నన్ను?" అని విసవిసా వెళ్ళిపోయారు.

గంట తర్వాత తిరిగొచ్చిన మనిషిని చూస్తే నాకు నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. రొట్టె ప్యాకెట్టు గుండెకి హత్తుకున్నారు. రెండు పాల ప్యాకెట్లు ప్యాంటు జేబుల్లో. చొక్కా జేబులో పెట్టుకున్న గుడ్డు పగిలి, పెన్ను మీదుగా కారుతోంది. అయినా ఏదో గెలిచొచ్చిన వెలుగు మొహంలో.

"ఇన్నాళ్ళూ ఊరికే ఇచ్చి, ఇప్పుడు ఉన్నట్టుండి డబ్బులంటే? ఊరికే వచ్చేదానికి వెల కట్టడమేమిటోయ్, విడ్డూరం కాకపోతే! వదల్లేదు నేను. పుస్తకం తెప్పించి రాసి పారేశా. ఆ కౌంటర్ మనిషికి బుద్ధొస్తుంది."

గుడ్డు సొన తుడుస్తున్న నా చెయ్యి ఆయన జేబు మీదే ఆగిపోయింది. మూడోది మా ఇంటి నుంచే పడింది. నేను మూడేళ్ళుగా ఎవరి చేతి పుస్తకాలు చదువుకుంటున్నానో, ఆ మనిషిని మా ఇల్లే పంపించేస్తోంది. ఆయన ఇంకా ఏదో చెబుతున్నారు. నాకు మాత్రం ఆ 'ఊరికే' ఒక్కటే చెవిలో తిరుగుతోంది. ఆ మాట నాకు కొత్త కాదు. అత్తగారు మంచాన పడ్డ ఆరేళ్ళూ ఆవిడకి నేనే స్నానం చేయించాను, నేనే పక్క మార్చాను. నడుము పట్టేసి ఒక మనిషిని పెట్టుకుందామని అడిగితే ఆవిడ, "ఇన్నాళ్ళూ ఊరికే చేసిందిగా, ఇప్పుడేం వచ్చింది?" అన్నారు. మనవణ్ణి ఎక్కడ వదలాలా అని కోడలు మథనపడుతుంటే మా అబ్బాయి, "అమ్మ ఊరికేగా ఉంది" అని ఫోన్‌లో చెప్పడం పక్కగదిలోంచి విన్నాను. ఈయన రిటైరైన రోజు సభలో డ్రైవరుకి కృతజ్ఞతలు చెప్పారు, ప్యూనుకి చెప్పారు, ఆఫీసు గోడ గడియారానికి కూడా చెప్పి అందర్నీ నవ్వించారు. నేను మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఊరికే వచ్చేది కంటికి ఆనదు. ఆనకపోతే ఆనకపోయింది, ఒక్కసారి దానికి వెల చెప్పి చూడండి, ఎంత గోల చేస్తారో! ఆ గోలంతా ఆ అమ్మాయి నెత్తిన పడుతోంది. నేనడగాల్సింది, నా బదులు అది అడిగి తిట్లు తింటున్నట్టుంది.

"ఏం ఆలోచిస్తున్నావ్? టీ పెట్టు" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే మోకాలికి కట్టు కట్టుకుని, రేకు డబ్బా చంకన పెట్టుకుని, కర్ర ఊతంగా బయల్దేరాను. "ఈ కాలుతో ఎక్కడికే?" అని గుమ్మం దాకా వచ్చారు. "మళ్ళీ వస్తాను" అన్నాను. ఎప్పుడూ గుమ్మంలో నిలబడిపోయేది నేనే. ఆ మాట నా నోటితో నేను అనడం వింతగా ఉంది.

దారంతా ఒకటే భయం. ఈపాటికే కౌంటర్‌లో ఇంకెవరో కూర్చుని ఉంటే? లేదు, అదే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మధ్యాహ్నం బదిలీ కాగితం ఇస్తారట పెద్దమ్మా" అంది. నేను డబ్బా కౌంటర్ మీద పెట్టి మూత తీశాను. వరసలో వచ్చినవాళ్ళకి వచ్చినట్టు తలో మడతా అందించడం మొదలుపెట్టాను. హెల్మెట్ ఆయన మడత విప్పి, "అబ్బో, ఇందులోంచి ఇంత సంచి వచ్చిందా! ఎంతివ్వాలండీ?" అన్నాడు. "ఏమీ వద్దు. రేపు వచ్చేటప్పుడు ఇదే పట్టుకురండి. ఈ అమ్మాయి మీద అరవకండి, అంతే" అన్నాను. తోపుడుబండి ఆవిడ మడత ఎలా పెట్టాలో నేర్పమని అక్కడే నిలబడిపోయింది.

తర్వాత మేనేజరు గదిలోకి వెళ్ళి ఫిర్యాదుల పుస్తకం ఇమ్మన్నాను. అతని మొహం వాడిపోయింది. "మీరూనా పెద్దమ్మా? చెప్పండి, నేను రాస్తాను" అన్నాడు. "నాకు రాయడం వచ్చు బాబూ" అన్నాను. పేజీ తిప్పితే ఆయన దస్తూరీ, గుండ్రంగా, ఆఫీసు దర్జాతో. నా రాత పరాయివాళ్ళు చూడటం అదే మొదలు.  ఆయన రాత కిందే, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాశాను:

'పై ఫిర్యాదు రాసినవారి ఇంట్లో మూడు వందల సంచులు ఉన్నవి. ఒకటి తీసుకెళ్ళడం ఆయనకు నామోషీ అయినది. ఈ కౌంటర్‌లోని అమ్మాయి వల్ల నేను తొమ్మిదో తరగతి చదువుచున్నాను. ఆమెకు నా ధన్యవాదాలు. ఇట్లు, ఆ సంచులు మడత పెట్టిన మనిషి.'

మేనేజరు ఒకసారి చదివాడు. పెదవి బిగబట్టుకుని రెండోసారి చదివాడు. ఆఖరికి పగలబడి నవ్వేశాడు. "ఇంటావిడే సాక్ష్యం చెప్పాక ఇంకేముందండీ, ఈ మూడోది చెల్లదు" అంటూ మా ఆయన ఫిర్యాదుకి అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టాడు.

తిరిగి కౌంటర్ దగ్గరికి వచ్చి పంచుతూనే ఉన్నాను, మధ్యాహ్నానికి డబ్బా అడుగున ఒక్క మడతే మిగిలింది. అక్క సంచి. కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కౌంటరమ్మాయి కళ్ళు తుడుచుకుని, "తొమ్మిది ఎంతవరకు వచ్చింది పెద్దమ్మా?" అంది. "ఇంకో రెండు పాఠాలు." "అయితే పది తెస్తాను." పదో తరగతి పుస్తకాలు బరువుగా ఉంటాయి కదా. ఆ మడత దాని చేతిలో పెట్టి, "ఇందులో వేసి తీసుకురా" అన్నాను.

ఇంటికొచ్చాక తొమ్మిదో తరగతి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపాను. పెద్ద అక్షరాలతో రాసి పొయ్యి పైన గోడకి అంటించి, కాలు చాపుకుని కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రం నేను లేవకపోయేసరికి ఆయనే టీ కోసం వంటింట్లోకి వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని పైకే చదివారు:

"ఇవాళ్టి నుంచి... ఈ వంటింట్లో... ఏదీ ఊరికే రాదు. సరుకులు ఒకరోజు మీరు, ఒకరోజు నేను. తాగిన కప్పు తాగినవారే కడగవలెను. ధన్యవాదాలు."

ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ ఆఖరి మాట ఈ వంటింట్లో వినడం అదే మొదలు. చదువుతూ అన్నారు. అయినా అన్నారు. తర్వాత కుళాయి తిప్పిన చప్పుడైంది.